గుమ్మం పక్క బల్ల

బంతిపూలు ఎండెక్కకముందే కోయాలి. ఎండెక్కాక కోస్తే సాయంత్రానికల్లా మెడలు వాల్చేస్తాయి, సంతలో ఎవరూ కన్నెత్తి చూడరు. అక్టోబరు ఇరవై ఎనిమిదిన రెమెడియోస్ మంచు తడి ఆరకముందే చేలో దిగింది. కొడవలితో కాడలు కోసి, చంకలో పట్టినన్ని పట్టుకుని, గట్టు మీద కూర్చుని కట్టలు కట్టింది. ఊళ్ళో మిగతావాళ్ళంతా ప్లాస్టిక్ తాడుకు మారిపోయారు. ఈవిడ మాత్రం నానబెట్టిన కిత్తలి నారతోనే కడుతుంది. రెండు చుట్లు చుట్టి, ఎడమకు తిరిగే ముడి వేసి, కొస లోపలికి దోపేస్తుంది. చిన్నప్పుడు నాయనమ్మకు ఎదురుగా కూర్చుని నేర్చుకుంది, అందుకని ముడి తిరగబడింది. నాయనమ్మ ఎన్నిసార్లు నెత్తి మీద మొట్టినా ఆ చేయి మారలేదు. ఇంత వయసొచ్చాక ఇక మారేదేముంది?

ఆ ఏడు ఆమెకు పూలతో పాటు ఇంకో పని తగులుకుంది. బడి హెడ్మాస్టరు కొన్నాళ్ళుగా ఇంటి చుట్టూ తిరుగుతున్నాడు. యుద్ధం ముగిసి యాభై ఏళ్ళయింది కదా, ఈ ఊరి నుంచి వెళ్ళిన ఒకే ఒక్క పైలట్ పేరు బడికి పెట్టి, గేటు దగ్గర రాయి నిలబెడదామని ఆయన ఉబలాటం. ఆ పైలట్ ఇసౌరో, రెమెడియోస్‌కు స్వయానా పెదనాన్న. ఫిలిప్పీన్స్‌లో జపాను వాళ్ళ మీద యుద్ధవిమానం నడిపాడని ఊరందరికీ తెలుసు. క్షేమంగా తిరిగొచ్చి, ఆ తర్వాత ఉత్తరాన పత్తి చేలకు మందు చల్లే విమానం నడుపుతూ కూలిపోయాడనీ తెలుసు. పక్క సీట్లో కూర్చున్న తమ్ముడు ఎలీహియో కూడా అందులోనే పోయాడు. ఎలీహియో అంటే రెమెడియోస్ నాన్న. అప్పటికామె ఇంకా పాకుతోంది. కానీ ఏ ఊళ్ళో, ఏ తారీఖున అన్నది ఎవరికీ తెలియదు. అది తెలియకుండా రాతి మీద ఏం చెక్కను అని హెడ్మాస్టరు బాధ.

ఇంట్లో ఉన్నది రెమెడియోస్, మేనత్త దొమితిల, ఇద్దరే. దొమితిల ఆ అన్నదమ్ముల చెల్లెలు. ఆవిణ్ణి అడిగితే గుర్తులేదంది. రెండోసారి అడిగితే విసుక్కుంది.

"నీకెందుకే ఈ తవ్వకాలు? రాయి మీద ఏం రాస్తే ఏముంది, పిల్లలు దానికి చీమిడి రాస్తారు."

అయినా రెమెడియోస్ వినలేదు. ఇరవై తొమ్మిదినే ఫోటో పట్టుకుని రాజధానికి వెళ్తాననీ, పెదనాన్న ఉన్న వైమానిక దళంలో పనిచేసినవాళ్ళు ఒక గది అద్దెకు తీసుకుని సంఘం నడుపుతున్నారట, అక్కడ కనుక్కుంటాననీ చెప్పేసింది. ఆమెకు రాయి మీద అంత మోజేమీ లేదు. అత్త తప్ప తనకంటూ ఉన్న మనుషులు ఇద్దరూ గోడ మీద ఫోటోలే. వాళ్ళు ఎక్కడ పోయారో తెలిస్తే, కనీసం ఆ నేల మీద నిలబడైనా రావచ్చని ఆశ.

పోయినవాళ్ళు ఏటా ఈ రోజుల్లో ఇంటికొచ్చి వెళ్తారని వాళ్ళ ఊరి నమ్మకం, కానీ అందరూ ఒకే రోజు రారు. ప్రమాదంలోనో, కత్తిపోటుకో హఠాత్తుగా పోయినవాళ్ళు అక్టోబరు ఇరవై ఎనిమిదిన వస్తారు. నవంబరు ఒకటి పసిపిల్లలది. మంచం మీద మామూలుగా పోయిన పెద్దలది రెండో తారీఖు. కాబట్టి ఆ సాయంత్రం రెమెడియోస్ ముందు గదిలో మెట్లు మెట్లుగా బల్లలు పేర్చి, తెల్లగుడ్డ పరిచి, పైమెట్టు మీద రెండు ఫోటోలు పెట్టింది. ఒకటి చర్చి ముందు బిగుసుకుపోయి నిలబడ్డ నాన్నది. రెండోది తోలు టోపీ, కళ్ళద్దాలు పెట్టుకుని, తనకంటే పొడుగున్న విమానం రెక్కను ఆనుకుని నవ్వుతున్న పెదనాన్నది. గేటు నుంచి మెట్ల దాకా బంతిరేకులతో దారి పరిచింది, తలుపులు బార్లా తెరిచింది.

ఆ పూట గడప దాటి వచ్చినవాళ్ళను ఎవరు నువ్వు, ఏ ఊరు అని అడగకూడదు. వచ్చినవాడు మామూలు మనిషో, మనిషి రూపంలో వచ్చిన మనవాడో ఎవరికెరుక? అడిగితే చిన్నబుచ్చుకుని వెళ్ళిపోతాడు. కూర్చోబెట్టి వేడి చాక్లెట్ ఇవ్వాలి, రొట్టె పెట్టాలి, వెళ్ళేటప్పుడు చిన్న పూలకట్ట చేతిలో పెట్టి పంపాలి. అంతే మర్యాద.

అలా వచ్చేవాళ్ళలో ఒకాయన ఏళ్ళ తరబడి వచ్చాడు. నెరిసిన గడ్డం, ఈతాకు టోపీ, కుడికాలు ఈడ్చుకుంటూ నడక. గుమ్మం పక్క బల్ల చివర కూర్చుని, చాక్లెట్ గిన్నె రెండు చేతులా పట్టుకుని, చాలాసేపు ఊదుకుని తాగేవాడు. రెమెడియోస్ ఎటు వెళ్తే అటు చూసేవాడు. పక్కింటి చోలె ఇది కనిపెట్టి ఊరుకుంటుందా? నీ ముసలి పెళ్ళికొడుకు వచ్చాడే, వెళ్ళి రొట్టె పెట్టు అని మోచేత్తో పొడిచేది. రెమెడియోస్ కసురుకునేది గానీ, ఓ ఏడాది ఆ రోజున కమ్మలు పెట్టుకుంది. పెళ్ళీ గిళ్ళీ అని కాదు. తను కనిపిస్తుందో లేదో చూడటానికి ఏడాదికోసారి ఒక మనిషి వస్తున్నాడంటే ఆమెకు బాగుండేది.

రెండేళ్ళ కిందట ఆయన రావడం మానేశాడు. ఈ ఏడూ రాలేదు. జనం వచ్చి వెళ్ళిపోయారు, కొవ్వొత్తులు సగానికి దిగాయి. దొమితిల మాత్రం ఎప్పట్లాగే బల్ల చివర ఒక గిన్నె నిండా చాక్లెట్ పోసి పెట్టింది. ఎవరికత్తా అంటే గిన్నె కింద గుడ్డ సర్దింది. అది చల్లారి మీగడ కట్టాక తనే తీసుకెళ్ళి పెరట్లో పారబోసింది.

* * *

సంఘం గదిలో నలుగురు ముసలాళ్ళు డొమినో ఆడుతున్నారు. రెమెడియోస్ రాయి సంగతి చెప్పి ఫోటో చూపించగానే వాళ్ళలో ఫిదెన్సియో అనే ఆయన కళ్ళజోడు పైకెత్తి ముఖానికి దగ్గరగా పెట్టుకుని చూసి, పకపకా నవ్వాడు. ఆ విమానానికి మెకానిక్కు తనేనట. ఈ ఫోటో తీసినప్పుడు పక్కన నిచ్చెన పట్టుకుని నిలబడితే, ఫోటోగ్రాఫరు తనను నిచ్చెనతో సహా కోసేశాడట. ఇసౌరో పొద్దున్నే ఎక్కేముందు ఇంజను మూత మీద గుర్రాన్ని నిమిరినట్టు నిమిరేవాడనీ, దిగాక అన్నం తినకుండా ముందు తూటాలు తగిలిన చిల్లుల్లో వేలు పెట్టి చూసుకునేవాడనీ చెప్పుకుపోయాడు. రెమెడియోస్ ముచ్చటపడుతూ వింది. ఫోటోలో మనిషికి అప్పుడే కాస్త ప్రాణం వస్తోంది.

ఆయన ఫోటో తిరిగిస్తూ అడిగాడు. "ఎలా పోయాడమ్మా పాపం? గుండెపోటా?"

"కాదండీ. విమానం కూలి. నేను చంటిపిల్లనప్పుడు."

ఫిదెన్సియో చేతిలో ఉన్న డొమినో బిళ్ళ బల్ల మీద బోర్లించాడు. మిగతా ముగ్గురూ ఆట ఆపారు.

"అమ్మాయ్, కూలడం నిజమే. కాలు విరిగింది, అదీ నిజమే. కానీ నాలుగేళ్ళ కిందట అల్వరాదో రేవులో నాకు చేపల పులుసు పెట్టిందెవరు మరి?"

రెమెడియోస్ ఫోటో మళ్ళీ ఆయన ముందుకు తోసింది. పొరపాటు పడుతున్నారేమోనంది. ఆయన నొచ్చుకోలేదు. రేవులో పడవ ఇంజన్లు బాగుచేసుకుంటూ బతికాడనీ, ఒంటరి మనిషనీ, సంఘం వాళ్ళు ఎన్నిసార్లు పిలిచినా కవాతులకు రాలేదనీ మెల్లగా చెప్పాడు. నెత్తి మీద విమానం పోతే రేవులో పిల్లలంతా పైకి చూసేవాళ్ళు, ఇసౌరో ఒక్కడూ తల ఎత్తేవాడు కాదు. యుద్ధం గురించి అడిగితే ఎంతసేపైనా చెప్పేవాడు. పత్తి చేను మాట ఎత్తితే లేచి వెళ్ళిపోయేవాడు.

ఆమె ఇంటికి తిరిగి రావాల్సింది. రాలేదు. బస్టాండులో అల్వరాదో బస్సు దొరికితే ఎక్కేసింది. దారి పొడుగునా ఒకటే ఆలోచన. బతికే ఉన్నవాడికి ఇన్నేళ్ళూ కొవ్వొత్తి వెలిగించామా? ఇంట్లో ఒక ముసలిదీ, ఒక ఒంటరిదీ ఉంటే, అంత దగ్గరలో ఉండి కూడా రాలేదా? రానురాను కోపమే ఎక్కువైంది. ఎదురుపడితే నాలుగు దులిపేయాలని మాటలు కూడబెట్టుకుంది.

దులపడానికి మనిషి లేడు. రేవులో అడిగితే వలలు అల్లే నియేవెస్ అనే ఆవిడ ఇల్లు చూపించారు. ఇసౌరో ఆవిడ ఇంటి వెనక గదిలోనే ఉండేవాడట.

"పోయాడమ్మా. రెండేళ్ళు దాటింది. ఫిబ్రవరిలో జ్వరమొచ్చింది, మంచం మీదే పోయాడు," అంది నియేవెస్, వల మీంచి చేయి తీయకుండానే. "నువ్వెవరు? కూతురివా?"

రెమెడియోస్ ఏదో అనబోయి తల అడ్డంగా ఊపింది. నియేవెస్ ఇంకేం అడగకుండా లేచి గది తలుపు తీసింది. ఇప్పుడక్కడ పాత వలలు పడేసుకుంటోంది. ఉప్పువాసన, ఇంజను నూనె వాసన ఇంకా పోలేదు. గోడకు వరసగా మేకులు, ఒక్కో మేకుకు ఎండిపోయిన పూలకట్ట. అవి ముట్టుకోవడానికి తనకే చేతులు రాలేదంది నియేవెస్. ఏటా అక్టోబరు ఆఖర్లో ఉతికిన చొక్కా వేసుకుని బస్సెక్కేవాడు, మర్నాడు ఇలాంటి కట్టొకటి పట్టుకొచ్చి మేకుకు తగిలించేవాడు. ఎక్కడో ఒక ఆడమనిషి ఉందేమో అనుకుని తను ఆటపట్టిస్తే నవ్వి ఊరుకునేవాడట.

రెమెడియోస్ ఒక కట్ట మేకు మీంచి దించింది. రేకులు పొడి పొడిగా రాలిపోయాయి. చేతిలో కాడలు మిగిలాయి, వాటి మీద కిత్తలి నార మిగిలింది. రెండు చుట్లు. ఎడమకు తిరిగిన ముడి. కొస లోపలికి దోపి ఉంది.

ఆమె వేళ్ళు ముందు గుర్తుపట్టాయి, తర్వాత ఆమె గుర్తుపట్టింది. ఇంకో కట్ట దించి చూసింది. అదీ తనదే. వలల మీద కూలబడింది. గడ్డం, టోపీ, ఈడ్చే కాలు, ఊదుకుంటూ తాగే చాక్లెట్. ఆ రోజు పెట్టుకున్న కమ్మలు గుర్తొచ్చి సిగ్గుతో చెవులు వేడెక్కాయి. మరుక్షణం ఏడుపొచ్చింది. పెదనాన్న తన చేతి రొట్టె తిన్నాడు, తన చేతి పూలు తీసుకెళ్ళాడు, ఆయన ఫోటోకు ఆయనే ఎదురుగా కూర్చున్నాడు. ఎవరు బాబూ మీరు అని తను ఒక్కసారి అడగలేదు. అడగకూడదు కదా మరి.

నియేవెస్ ఆమెను ఇసకలో ఉన్న సమాధి దగ్గరికి తీసుకెళ్ళింది. సున్నం వేసి శుభ్రంగానే ఉంచారు. రెండో తారీఖున తానే ఒక కొవ్వొత్తి వెలిగిస్తానంది నియేవెస్. రెమెడియోస్ ఆవిడ చేయి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

* * *

ఈ మాట అత్తకు ఎలా చెప్పాలన్నది తిరుగు బస్సులో బెంగ. డెబ్భై దాటిన మనిషి, విన్నవెంటనే గుండె ఆగినా ఆగుతుంది. ముందు నీళ్ళు తాగించాలి, పక్కన కూర్చోవాలి, మెల్లగా మొదలుపెట్టాలి. ఒకటో తారీఖు మధ్యాహ్నం ఆమె ఇల్లు చేరేసరికి దొమితిల వంటింటి గుమ్మంలో పీట మీద కూర్చుని మర్నాటికి బంతిరేకులు వలుస్తోంది. రెమెడియోస్ నీళ్ళూ మర్చిపోయింది, మెల్లగా అన్నదీ మర్చిపోయింది.

"అత్తా, పెదనాన్న విమానంలో పోలేదు. మొన్నమొన్నటి దాకా బతికే ఉన్నాడు."

దొమితిల చేతులు ఆగలేదు. ఇంకో పువ్వు అందుకుని, తొడిమ గిల్లి, రేకులు బుట్టలోకి రాల్చింది.

"ఏ నెలలో పోయాడు?"

రెమెడియోస్ బిత్తరపోయింది. "ఫిబ్రవరిలో. జ్వరమొచ్చి."

"చలి రోజులు. ఛాతీ పట్టేసి ఉంటుంది. వాడికి చిన్నప్పట్నుంచీ అంతే."

"నీకు తెలుసా?"

"నా అన్నను నేను గుర్తుపట్టనా? గిన్నె రెండు చేతులా పట్టుకుని అలా ఊదుకునేవాడు ఈ ఇంట్లో వాడొక్కడేగా."

తర్వాత దొమితిల జరిగింది జరిగినట్టుగా చెప్పేసింది, అంతకాలం ఎందుకు దాచిందో తనకే తెలియనట్టు. ఎలీహియోకు విమానమంటే భయం. పెళ్ళాం పిల్ల ఉన్నారు, నాకొద్దన్నా అన్నాడు. పైనుంచి ఒక్కసారి చూడరా అని ఇసౌరోనే బలవంతాన ఎక్కించాడు. చేను చివర కరెంటు తీగలు తగిలాయి. నాయనమ్మ ఉత్తరాదికి వెళ్ళి, ఒక శవపేటికతో రైలు దిగి, పెద్దవాడు బూడిదైపోయాడని అందరికీ చెప్పింది. ఆసుపత్రిలో కాలికి కట్టుతో ఉన్న కొడుకు మంచం పక్కన నిలబడి, నాకు ఇద్దరూ పోయారు అని చెప్పి వచ్చేసిందట. పోయేముందు దొమితిల చేత ఒట్టు వేయించుకుంది, వాణ్ణి అన్నా అని పిలవకూడదు, వాడి పేరు ఎత్తకూడదు అని.

"పిలవలేదు. చాక్లెట్ పోయనని మాత్రం ఒట్టు వేయలేదు కదా," అంది దొమితిల. "అమ్మ పోయిన ఏడాదే వచ్చాడు. గేటు దగ్గర టోపీ తీసి, లోపలికి రావచ్చా అన్నాడు. ఈ రోజు ఎవరైనా రావచ్చు అన్నాను. అన్నీ కలిపి అంతే, మేం మాట్లాడుకున్నది."

"నాకు చెప్పాల్సింది."

"చెప్తే ఆ గిన్నె నీ చేత్తో ఇచ్చేదానివా?"

రెమెడియోస్ బుట్ట పక్కనే నేల మీద చతికిలబడింది. "మా నాన్నను చంపాడు అత్తా ఆయన," అంది చివరికి.

"అవును. అందుకే వచ్చేవాడు. వాడి ఫోటో చూసుకోడానికా? మీ నాన్న ముందు కూర్చోడానికి. నువ్వు ఎలా ఉన్నావో చూడ్డానికి."

ఒకటో తారీఖు కదా, వీధిలో పసిపిల్లలు పోయిన ఇళ్ళ ముందు టపాకాయలు పేలుస్తున్నారు. దొమితిల ఖాళీ తొడిమలు ఒడిలోకి దులుపుకుంది.

"రెండేళ్ళుగా గిన్నె పెడుతున్నాను," అంది. "మొదట, ఒంట్లో బాలేదేమో అనుకున్నాను. తర్వాత నాకు తెలిసిపోయింది. అయినా ఇరవై ఎనిమిదినే పెట్టాను. అది వాడి రోజు కాదే ఇప్పుడు. మంచం మీద పోయాడంటున్నావుగా. వాడు రెండో తారీఖున వచ్చి ఉంటాడు. వచ్చి చూస్తే ఏముంటుంది? అమ్మ ఫోటో, అమ్మ కొవ్వొత్తి. అమ్మ ఉన్న గదిలో వాడు అడుగు పెడతాడా? గేటు దగ్గర నిలబడి నిలబడి వెళ్ళిపోయి ఉంటాడు."

రెమెడియోస్ ఆవిడ వైపు చూసింది. ఇన్నేళ్ళలో అత్త కళ్ళు తడవడం ఆమె చూడలేదు.

"వాడి ఫోటో రేపు పెట్టమని నేను అనలేను," అంది దొమితిల పమిట చెంగులాంటి శాలువా కొసతో ముక్కు తుడుచుకుంటూ. "చేను నీది. పూలు నీవి. పోయిందీ నీ నాన్నే."

* * *

రెండో తారీఖు తెల్లవారగానే రెమెడియోస్ మళ్ళీ చేలో దిగింది. పెదనాన్నను క్షమించిందా అంటే ఆమెకే తెలియదు. కోస్తున్నంతసేపూ కోపంగానే కోసింది. నాన్నను బలవంతాన ఎక్కించిన చేతుల్ని తిట్టుకుంది, చాక్లెట్ గిన్నె పట్టుకున్న చేతులు గుర్తొచ్చి ఆగింది, మళ్ళీ తిట్టుకుంది. బుట్టలు మాత్రం నిండాయి.

ఇంటికొచ్చి పైమెట్టు మీద నాయనమ్మ ఫోటో పెట్టింది. నల్ల శాలువా కప్పుకుని, పెదవులు బిగించి చూస్తున్న మనిషి. ఆ ఫోటో ఎప్పుడూ నడిమధ్యనే ఉంటుంది. రెమెడియోస్ దాని ముందు నిలబడి, "కాస్త జరుగు నాయనమ్మా," అని రెండు చేతులా పట్టుకుని పక్కకు జరిపింది. ఆ ఖాళీలో తోలు టోపీ ఫోటో పెట్టింది. వెనక నిలబడ్డ దొమితిల రెండో కొవ్వొత్తి అందించింది.

ఆ రోజు ప్రతి ఇంటి గేటు నుంచీ బంతిరేకుల దారి శ్మశానం వైపు తిరుగుతుంది. రెమెడియోస్ గేటు దాటి దానికి ఎదురువైపు తిరిగింది. చర్చి పక్కగా, పిండిమర ముందు నుంచి, రేకులు చల్లుకుంటూ పోయింది. తన ఇంటి గుమ్మంలో నిలబడ్డ చోలె నడుం మీద చేతులు పెట్టుకుంది.

"ఏమే, పొద్దున్నే తాగావా? శ్మశానం అటు."

"ఆయన శ్మశానం నుంచి రాడు. బస్సు దిగి వస్తాడు. ఆయనకు తెలిసిన దారి ఇదొక్కటే."

"ఎవరే?"

"మా పెదనాన్న ఇసౌరో. నా ముసలి పెళ్ళికొడుకని ఎగతాళి చేసేదానివే, ఆయన."

చోలె నోరు తెరిచి, మూసేసింది. అంత పెద్ద నోటికి మాట అందకపోవడం ఊళ్ళో అదే మొదలు. కాసేపటికి వెనకాల చెప్పుల చప్పుడు వినిపించింది. చోలె తన ఇంటి బుట్ట చంకన పెట్టుకొచ్చి, పలచగా పడ్డ చోట్ల గుప్పెళ్ళతో రేకులు చల్లుతోంది. ఇద్దరూ బస్సు ఆగే చెట్టు దాకా వెళ్ళారు. పొద్దుటి బస్సు వచ్చింది. ఒక ముసలమ్మ కోళ్ళ గంపతో దిగి, రేకులు తొక్కకుండా పక్కనుంచి నడిచింది. డ్రైవరు దారి వంక చూసి టోపీ తీశాడు, తలుపు కొంచెంసేపు తెరిచే ఉంచి, తర్వాత పోనిచ్చాడు.

రెమెడియోస్ తిరిగొచ్చి కాళ్ళు కడుక్కుని, పెట్టె తెరిచి కమ్మలు తీసి పెట్టుకుంది. హెడ్మాస్టరుకు రేపు చెప్పాలి. అల్వరాదోలో మంచం మీద అని రాతి మీద చెక్కమంటే ఆయన ముఖం ఎలా పెడతాడో. చాక్లెట్ కాచి, గిన్నెలో నురగ వచ్చేదాకా చిలికి, బల్ల దగ్గరికి తెచ్చింది. గిన్నె తన పక్కన పెట్టుకుని, ఆయన ఎప్పుడూ కూర్చునే చివరనే తనూ కూర్చుంది.

దొమితిల కర్ర ఊనుకుంటూ గుమ్మంలోకి వచ్చింది. రేకుల దారి వెంట గేటు దాకా చూసింది. తన వెనకే, ముందు గదిలో, తల్లి ఫోటో ఉందని ఆవిడకు తెలుసు. గొంతు సవరించుకుని, ఊరికి వినబడేంత గట్టిగా పిలిచింది.

"అన్నా, ఇసౌరో అన్నా. రావచ్చా అని అడగక్కర్లేదు. లోపలికి రా."

రెమెడియోస్ బల్ల మీద కొంచెం పక్కకు జరిగి చోటిచ్చింది.